మాటలు ఒక గదిలో, ఊపిరి ఒక గదిలో

ఫాల్గుణ బహుళ తదియ

మా గదిలో ప్రతి ఒక్కరూ ఏ రోజు పని ఆ రోజు రాసి పెట్టాలి. ఆ రాత గది పెద్ద తప్ప ఇంకెవరూ చదవరు. ఇవాళ్టి నుంచి నేను రెండు రాస్తున్నాను. ఒకటి గదికి. రెండోది ఇది. ఎవరి కోసమో ఇంకా తెలియదు.

నా పేరు చౌడేశ్వరి. పలకరింపు ప్రోగ్రాంలో ఊపిరి గదిలో పని చేస్తాను. చనిపోయినవాళ్ళ గొంతు ఇంట్లోవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఎక్కడ ఆగాలో, ఎక్కడ గాలి పీల్చాలో, మాట అందక ఎంతసేపు తడుముకోవాలో చెప్పే కోడ్ నాది. మాటలు నా దగ్గరికి రావు. మాటల గది మెట్లకు అవతల ఉంది. గొంతు గది ఇంకా కింద. నాకు వచ్చేది మాటలన్నీ తీసేసిన శబ్దం: ఒక ఉచ్ఛ్వాసం, కాస్త ఖాళీ, మళ్ళీ ఒకటి. అది ఎవరి ఊపిరో పేరు కూడా ఉండదు. 'గది పని గదిలోనే' అని మా గుమ్మం మీద రాసి ఉంటుంది. తప్పినవాళ్ళను పైకి పంపుతారు. పైన ఎండలో సోలార్ పలకలు తుడిచే పని. ఆ పనికి వెళ్ళినవాళ్ళు ఒక ఏడాదికే ముసలివాళ్ళై వస్తారు.

ఇవాళ కొత్త అప్‌డేట్ మొదలైంది. ఇదివరకు పెళ్ళిళ్ళలో, పండగల్లో తీసిన రికార్డింగులతోనే గొంతులు తయారు చేసేవాళ్ళం. అవి చాలడం లేదట. ఇక నుంచి చనిపోయినవాళ్ళ చేతిపట్టీల్లో మిగిలిన శబ్దమంతా వాడతారు. మా ఊళ్ళో చేతిపట్టీ లేనివాళ్ళు ఎవరూ లేరు. ఎవరి పట్టీ వాళ్ళ శబ్దాన్ని రోజంతా పట్టి ఉంచుతుంది.

ఇంటికి వచ్చేసరికి అత్త సంగటి కెలుకుతూ ఉంది. గోడమీద పలకరింపు దీపం వెలిగింది.

"అమ్మా, తిన్న్యావా?" అన్నాడు ఓబులేసు.

"ఇంగా ల్యా నాయనా. నీ పెండ్లాం ఇప్పుడే వచ్చింది," అంది అత్త, తెడ్డు పక్కన పెట్టి.

ఓబులేసు నా భర్త. మూడేళ్ళ క్రితం పోయాడు. చైత్రంలో వచ్చే పొగగాలి బూడిదను, దుమ్మును కొండ లోపలికి మోసుకొస్తుంది. అందుకే గాలి లేవగానే, కొండను తొలిచి కట్టిన మా బిలపురంలో వరస అనే ప్రతి సొరంగానికీ ఉన్న గేటు దానంతట అదే పడిపోతుంది. ఆ రోజు ఆయన మూడో వరసలో పుట్టగొడుగుల తోటలో ఉన్నాడు. గేటు పడింది. గాలి వెళ్ళిపోయాక మిగతా గేట్ల దగ్గర కాపలావాళ్ళు ఎప్పటిలాగే బయటినుంచి చేత్తో లేపారు. మూడో వరసకు కాపలా లేదు. చూసేసరికి లోపలున్న ముప్పైమందికి పైగా పోయారు. రాతి సందుల్లోంచి పొగ దూరిందనీ, అందుకే గేటు తెరుచుకోలేదనీ, అందరూ నిద్రలోనే పోయారనీ మాకు చెప్పారు.

అత్త రోజూ కొడుకుతో మాట్లాడుతుంది. నేను మాట్లాడను. ఆ ఊపిరి తీసే చోట్లన్నీ నేనే పెట్టాను. నాకు నా పని వినపడుతుంది, ఆయన వినపడడు.

ఫాల్గుణ బహుళ సప్తమి

నిద్రపోయే మనిషి ఊపిరి సాగుతుంది. ఒడ్డుకు తాకిన నీరు వెనక్కి వెళ్ళినంత తీరిగ్గా ఉంటుంది. మూడేళ్ళుగా ఇదే పని కాబట్టి స్క్రీన్ మీద గీత చూస్తేనే చెప్పగలను.

ఇవాళ వచ్చిన గీతలు అలా లేవు. పొట్టిగా, పైపైనే కొట్టుకుంటున్నాయి. మధ్యమధ్య ఒక్కటి మాత్రం ఎత్తుగా, ఏదో బరువు లేపబోయినట్టు. తర్వాత ఇంకా పొట్టిగా. ఒకరివి కాదు, చాలామందివి. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే అన్నీ ఒకే దారిన చిన్నవవుతున్నాయి.

పలకరింపుకంతటికీ పెద్ద అయిన పురుషోత్తం సారుకు రాశాను. ఒక్క మాటలో జవాబు వచ్చింది: "లోపం. చదును చెయ్."

చదును చేశాను. పొట్టి ఊపిరి కనపడితే సాగదీసే కోడ్ రాశాను. మధ్యాహ్నానికి గీతలన్నీ నిద్రపోయే మనుషుల్లా అయిపోయాయి.

సాయంత్రం అత్త ఓబులేసుకు పక్కింటి మేక ఈనిన సంగతి చెబుతూ ఉంది. ఆయన నవ్వుతున్నాడు. నవ్వు మధ్యలో ఆగాడు.

"మీట నొక్కినా," అన్నాడు. "రాలేదు."

"ఏం మీట రా?" అంది అత్త.

"ఏమీ ల్యాదుమ్మా. మేకపిల్లకు పేరు పెట్టినారా?"

అత్త నా వైపు చూసింది. నేను పొయ్యి వైపు చూశాను.

ఫాల్గుణ బహుళ ఏకాదశి

మా ఇంట్లోనే కాదు. నీళ్ళ కూడలిలో బిందె పట్టుకుని నిలబడితే ముగ్గురు ఆడవాళ్ళు అదే మాట్లాడుకుంటున్నారు. ఒకామెతో చనిపోయిన వాళ్ళ అన్న ఏదో బోర్డు సంగతి ఎత్తాడట. ఇంకొకామె మొగుడు ఉన్నట్టుండి "పిల్లోళ్ళను కింద పండుకోబెట్టండి" అన్నాడట. వాళ్ళకు పిల్లలే లేరు. నన్ను చూడగానే మాటలు ఆపేశారు. నేను పలకరింపులో పని చేస్తానని అందరికీ తెలుసు. నాకు ఏమీ తెలియదన్న సంగతి ఎవరికీ తెలియదు.

కూడలిలో నీళ్ళ టీం పని చేసే గోడ ఉంది. వాళ్ళకు గది లేదు. గోడంత స్క్రీన్, దాని ముందు నాలుగు బల్లలు, అంతే. ఏ పైపులోకి ఎంత నీరు వదలాలో నిర్ణయించే కోడ్ మొత్తం ఆ గోడమీదే ఉంటుంది. ఎవరు ఏ ముక్క మార్చారో, ఎందుకు మార్చారో, పక్కన పేరుతో సహా. దారిన పోయేవాళ్ళు ఆగి అడుగుతారు. ఒక్కోసారి తిడతారు.

ఇవాళ తిట్లు తింటున్నది మద్దిలేటి అన్న. ఆ టీం పెద్ద. నాలుగో వరసకు వెళ్ళాల్సిన మంచినీళ్ళను పశువుల తొట్లకు పంపాడు. 'తప్పు నాది, మద్దిలేటి' అని తానే గోడమీద పెద్ద అక్షరాలతో పెట్టుకున్నాడు.

"గొడ్లకు మంచినీళ్ళు, మాకు మడ్డినీళ్ళా?" అని ఒక పెద్దామె అరుస్తోంది.

"సరి చేసినా పెద్దమ్మా, ఇంగో చూడు, ఈడ," అంటూ ఆయన ఓపిగ్గా చూపిస్తున్నాడు.

ఆమె వెళ్ళాక అడిగాను. "అన్నా, ఇట్ల అందరి ముందర తిట్టించుకునేదానికి నీకు సిగ్గుగా ఉండదా?"

"ఉంటాది. ఎందుకుండదు? సిగ్గయితాది గాబట్టే రేపు రెండుసార్లు చూసుకుంటా."

నా బిందె నిండింది. నా సిగ్గు చదును చేసి ఒక ఫైలులో పెట్టి ఉంది.

ఫాల్గుణ అమావాస్య

పురుషోత్తం సారు తన గదికి పిలిచారు. పలకరింపు మొదలుపెట్టింది ఆయనే. మొట్టమొదట తయారు చేసిన గొంతు ఆయన కూతురు నీరజది. ఆ అమ్మాయి కూడా మూడో వరసలోనే పోయింది.

"కూర్చోమ్మా," అన్నారు.

నేను కూర్చోలేదు. "సారూ, ఎంత చదును చేసినా బయటికి వస్తాండాయి. ఇవి నిద్రలో పోయినోళ్ళ ఊపిర్లు కావు."

ఆయన జవాబుకు ముందు వచ్చిన ఖాళీని కూడా నేను కొలవబోయాను. అలవాటు.

"నీకు తెలుస్తాదనుకున్న్యా," అన్నారు చివరికి.

"మీకు ముందే తెలుసా?"

"నా బిడ్డది విన్న్యా. దాన్నొక్కదాన్నే. చివరిదాకా విన్న్యా. దాని తర్వాత ఇంగొకరిది వినే శక్తి నాకు ల్యాకపాయ. ఏ తల్లీ ఏ తండ్రీ ఇది వినగూడదని ఆ పొద్దే అనుకున్న్యా. అందుకే ఈ గదులు. మాటలు ఒకచోట, ఊపిరి ఒకచోట, గొంతు ఒకచోట. మూడూ కలిస్తేనే గదా మనిషి గుర్తొచ్చేది. కలవకుంటే పని చేసేవాళ్ళకు నొప్పి ఉండదు, వినేవాళ్ళకు ఓదార్పు ఉంటాది."

"గేటు ఎందుకు తెరుచుకోలేదు సారూ?"

"లోపల పొగ. గేట్ల గది నాకు అదే చెప్పింది."

"వాళ్ళ కోడ్ మీరు చూసినారా?"

"వాళ్ళ గది పని వాళ్ళది." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కళ్ళలో అబద్ధం లేదు. అలసట ఉంది. "మీ అత్త సాయంత్రాలు నవ్వుతాదా, చౌడేశ్వరీ?"

"నవ్వుతాది."

"మరి ఇంగేం కావల్ల?"

తిరిగి వెళ్ళి ఇంకొన్ని ఊపిర్లు సాగదీశాను.

చైత్ర శుద్ధ విదియ

దారుల్లో రాలే సున్నపు దుమ్ము ఊడవడం వంతుల మీద చేస్తాం. ఇవాళ నా వంతుకు జోడీగా షంషాదక్క పడింది. ఆమె మాటల గదిలో పని చేస్తుంది. మూడేళ్ళలో మేం పని గురించి ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. ఇవాళ ఆమే చీపురు ఆపింది.

"చౌడీ, నాకు ఉత్త అక్షరాలొస్తాయి. గొంతుండదు, ఆయాసముండదు. ఎవరివో తెల్దు. కొత్త అప్‌డేట్ వచ్చినప్పట్నుంచి నాకు అన్నం దిగల్యా."

"ఏమంటాండారక్కా?"

"తలుపు తెరవమంటాండారు."

చీపుర్లు గోడకు ఆనించాం. పట్టపగలు, మధ్యాహ్నం అన్నం వేళ, ఇద్దరం ఆమె ఇంటికి వెళ్ళాం. ఆమె దగ్గర మాటలున్నాయి, నా దగ్గర ఊపిరి ఉంది. రెండింటి మీదా సమయం గుర్తులున్నాయి. నా చేతిపట్టీలో ఊపిరి వినిపిస్తుంటే, గీత ఆగిన చోటల్లా ఆమె తన కాగితం మీది మాట మెల్లగా చదివింది. మూడో ముక్క, గొంతు, మా దగ్గర లేదు. షంషాదక్క గొంతే వాడుకున్నాం.

"ఎవరూ అరవాకండి," అని చదివింది. ఊపిరి. "గాలి మిగుల్చుకోవల్ల." ఊపిరి. "పిల్లోళ్ళను కింద పండుకోబెట్టండి. కింద చల్లగుంటాది."

తోటలో పని చేసే తల్లులు పిల్లల్ని వెంట తెచ్చుకునేవాళ్ళని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"మీట నొక్కినా. రాలేదు." ఊపిరి, పొట్టిగా. "బోర్డు మీద బయటి గాలి ఎనిమిది చూపిస్తాంది. ఎనిమిదే. గాలి బాగుండాది బయట. ఎందుకు తెరుచుకోదు?"

చాలాసేపు ఊపిరి ఒక్కటే వచ్చింది. షంషాదక్క కాగితం మీద వేలు పెట్టి ఎదురుచూసింది. ఇక మాట రాదేమో అనుకున్నాను. వచ్చింది.

"చౌడీ కోప్పడతాది," అని చదివింది షంషాదక్క. "పొద్దున్నే వస్తానని చెప్పింటి."

ఆమె తలెత్తి నన్ను చూసింది. కాగితం మడిచేసింది. ఇంకా కొంచెం ఉంది, కానీ చదవమని నేను అడగలేదు. ఆమె నా తల తన భుజానికి ఆనించుకుంది. ఆ గదిలో ఆయన కాసేపు అలాగే ఊపిరి తీస్తూ ఉన్నాడు. ఆపడానికి నాకు చెయ్యి రాలేదు.

చైత్ర శుద్ధ తదియ

మద్దిలేటి అన్నకు ఒక్క అంకె చెప్పాను.

"ఎనిమిదా? ఏ లెక్కలో?" అన్నాడు.

"అంటే?"

ఆయన గోడమీద వెనక్కి వెనక్కి వెళ్ళాడు. గేటు పడిన రోజుకు కొద్ది ముందు నాటి ముక్క ఒకటి చూపించాడు. "గాలిలో దుమ్ము కొలిచే సెన్సర్లు అంతకుముందు పదికి లెక్క చెప్తాండ్య. పదికి ఐదు దాటితే చెడ్డ గాలి. సెన్సర్ల గదోళ్ళు అప్పుడే దాన్ని నూటికి మార్చినారు. మాకు ఒక మాట గూడా చెప్పల్యా. దుమ్ము పడకుండా తొట్లు మూసేదానికి మేమూ ఆ అంకెలే చూస్తాం. అవి ఎక్కువొస్తాంటే, ఈడ నీళ్ళకొచ్చినోళ్ళు గోడ చూసి ఇదేందప్పా అని అడిగిరి. అప్పుడు మేమూ మార్చుకుంటిమి."

"అయితే ఎనిమిదంటే..."

"నూటికి ఎనిమిదయితే పసిబిడ్డను తీసకపోయి నిలబెట్టొచ్చు. పదికి ఎనిమిదయితే మనిషి బతకడు." ఆయన గోడమీది నుంచి చెయ్యి తీశాడు. "గేట్ల గదోళ్ళు గూడా మార్చుకునే ఉంటారులే."

"మార్చుకోకుంటే?"

ఆయన గోడ వైపే చూస్తూ నిలబడ్డాడు. "మార్చుకోకుంటే, గాలి పోయినాక గేటు బయట చూసి ఎనిమిది కనపడితే, ఇంగా పొగ ఉండాదనుకుంటాది. లోపల ఎవరు మీట నొక్కినా తెరవదు. ఆ పొద్దు మాత్రమే గాదు చౌడమ్మా, ఇప్పటికీ అన్ని వరసల్లోనూ అంతే. మూడేండ్లుగా పెద్ద గాలి రాల్యా. వచ్చినవి చిన్నవి, బూడిద మిగల్చల్యా, గాలి పోతానే అంకె ఐదు కిందికి దిగింది. ఈసారి వచ్చేది పెద్దదంటాండారు. గేట్లకు కాపలా గూడా తీసేసినారు."

"గేట్ల గదిని అడుగుదామా?"

"పోయిన నెల వేరే పనికి అడిగితి. 'మా గది పని మాది' అనిరి."

దారి ఒక్కటే కనపడింది. ఈ కూడలిలో, ఈ గోడమీద, అందరికీ వినిపించాలి. అప్పుడు ఊరే అడుగుతుంది. ఆ తర్వాత నన్నూ షంషాదక్కనూ పైకి పంపవచ్చు. అది భరించగలను. పలకరింపు మాత్రం ఆగిపోతుంది. అత్తకు ఏం చెప్పాలి?

చైత్ర శుద్ధ పంచమి

చెప్పాను. పలకరింపు వేళకు ముందే, దీపం వెలగకముందే. నిద్రలో పోలేదని చెప్పాను. బయట గాలి బాగుందనీ, రేపు కూడలిలో ఊరందరికీ వినిపిస్తామనీ చెప్పాను. ఆయన పిల్లల్ని పడుకోబెట్టమన్నాడనీ, అందరినీ అరవవద్దన్నాడనీ చెప్పాను. నా పేరు తలచుకున్న సంగతి దాచుకుందామనుకున్నాను, చేతకాలేదు.

అత్త కొట్టలేదు, ఏడవలేదు. "ఎన్ని దినాల నుంచి తెలుసు నీకు?" అని మాత్రం అడిగింది.

"మాటలు తెలిసి మూడు దినాలాయ. ఊపిరి చూసి అంతకంటే ముందే."

"మూడు దినాలు నా ఎదురుగా కూర్చోని తిన్న్యావు."

దీపం వెలిగింది. "అమ్మా, తిన్న్యావా?" అన్నాడు ఓబులేసు.

అత్త జవాబివ్వలేదు. ఆయన మళ్ళీ అడిగాడు. పలకరింపు అలాగే అడుగుతుంది, మేం రాసిందే అది. మూడోసారికి ఆమె గోడ దగ్గరికి వెళ్ళి నుదురు ఆనించింది.

"నాయనా, ఊపిరాడక ఎంతసేపు ఉంటివి రా?"

"ఏమీ ల్యాదుమ్మా," అన్నాడాయన ప్రశాంతంగా, నేను సాగదీసిన ఊపిరితో. "మేకపిల్ల ఎట్లుండాది?"

అత్త వెనక్కి జరిగింది. ఆమె ముఖం చూస్తే నాకు భయమేసింది. మూడేళ్ళుగా తాను ఎవరితో మాట్లాడుతోందో అప్పుడే చూసినట్టుంది.

"వీడు నా కొడుకు గాదు," అంది. "నా కొడుకు ఆ పొద్దు అడిగినాడు. ఎవరూ వినల్యా. రేపు కూడలికి నేనూ వస్తా."

చైత్ర శుద్ధ సప్తమి

నిన్న జరిగింది రాస్తున్నాను. నిన్న రాయలేకపోయాను.

నీళ్ళ వేళకు కూడలి నిండా జనం. మూడో వరసలో మనుషులను పోగొట్టుకున్న ఇళ్ళకు అత్త పొద్దున్నే తిరిగి చెప్పి వచ్చింది. వినలేనివాళ్ళు రావద్దనీ చెప్పింది. అందరూ వచ్చారు.

మద్దిలేటి అన్న గోడమీద నా గీత పెట్టాడు. కింద షంషాదక్క మాటలు పెట్టాడు. ఎవరి మాటో చెప్పే పేరు లేదు. అయినా ఊపిరి వినపడుతుంటే, కింద మాటలు ఒక్కొక్కటే వస్తుంటే, ఒక మూల నుంచి "మా అన్న" అని ఎవరో అన్నారు. ఇంకో మూల నుంచి ఎవరో పేరు పెట్టి పిలిచారు. గోడ మీది మాట ప్రతి ఒక్కరికీ వాళ్ళ మనిషిదిలాగే ఉంది.

పురుషోత్తం సారు జనాన్ని తోసుకుంటూ వచ్చారు. "ఆపండి! ఏం చేస్తాండారో తెలుసునా మీకు? ఈ తల్లుల ముఖాలు చూడండి!"

"మా ముఖాలు మేం చూసుకుంటాం సారూ," అంది అత్త. "నువ్వు అంకె చూడు."

అప్పుడే ఆ మాట వచ్చింది: బోర్డు మీద ఎనిమిది. గాలి బాగుండాది బయట.

"ఎనిమిది?" అన్నారు సారు. ఆయన కూతురు ఎనిమిది అనలేదని తర్వాత తెలిసింది. ఆ అమ్మాయి తోట వెనక, బోర్డు కనపడని చోట ఉండిపోయింది. ఆయన విన్నది ఆ ఒక్క రికార్డింగే. మిగిలినవి వినకుండా అందరికంటే ముందు ఆయనే తలుపు వేసుకున్నారు.

మద్దిలేటి అన్న పదికీ నూటికీ తేడా చెప్పాడు, మెల్లగా, పెద్దామెకు నీళ్ళ సంగతి చెప్పినట్టే. సారు నీళ్ళ బల్ల మీద కూలబడ్డారు. అక్కడి నుంచే జనంలో ఉన్న గేట్ల గది పెద్దను పిలిచారు. ఆమె పేరు వెంగమాంబ.

"మీ కోడ్ గోడమీద పెట్టమ్మా."

"సారూ, గది పని..."

"నా బిడ్డ ఆడ ఉండింది వెంగమాంబా. పెట్టు."

పెట్టింది. వెతకాల్సిన పని కూడా లేకపోయింది. గేటు మూసే చోట ఒక్క వరుస ఉంది: ఐదు దాటితే మూసి ఉంచు. ఐదు, పదికి. ఎవరూ మార్చలేదు. మార్చాలని ఎవరికీ తెలియదు. సెన్సర్ల గదివాళ్ళు తమ పని సరిగ్గానే చేశారు. గేట్ల గదివాళ్ళు కూడా తమ పని సరిగ్గానే చేశారు. వెంగమాంబ ఆ వరుసను చూస్తూ నిలబడి, తన పేరు తానే దాని పక్కన రాసింది. ఆమె రాసినంతసేపూ మద్దిలేటి అన్న కీబోర్డు కదలకుండా పట్టుకున్నాడు.

ఎవరో రాయి విసిరారు. అది గోడకు తగిలి ఒక మూల నల్లబడింది. తర్వాత అరుపులు.

సాయంత్రం నుంచి పలకరింపు ఆపేశారు. దీపాలు వెలగలేదు. ఇవాళ పొద్దున దారిలో ఒకామె నన్ను ఆపింది. కొడుకును పోగొట్టుకున్న తల్లి. "గేటు నువ్వు బాగు చేయిస్తివి, నిజమే," అంది. "నా బిడ్డ గొంతు మాత్రం నాకు ల్యాకుండా చేస్తివి." నేను నిలబడే ఉన్నాను. ఆమె వెళ్ళిపోయింది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు.

చైత్ర శుద్ధ దశమి

గదుల తలుపులు తీసేశారు. నిజంగానే, బందుల నుంచి ఊడదీసి. నా బల్ల ఇప్పుడు కూడలిలో మద్దిలేటి అన్న బల్ల పక్కన ఉంది. చదును చేసిన కోడ్ నా పేరుతో గోడమీద పెట్టాను. పైకి పంపే మాట ఎవరూ ఎత్తలేదు. పురుషోత్తం సారు కూడా ఒక బల్ల తెచ్చుకున్నారు. రోజంతా ఒక్కొక్క రికార్డింగూ వింటున్నారు, అందరివీ, ఎవరి ఇంటివాళ్ళు అడిగితే వాళ్ళకు ఇవ్వడానికి. మధ్యలో లేచి కూడలి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి మళ్ళీ కూర్చుంటారు.

అందరూ కోడ్ చూస్తున్నారన్న ధైర్యం చాలడం లేదు. పని చేస్తుంటే ఎవరో భుజం మీదినుంచి ఊపిరి వదిలినట్టు అనిపిస్తుంది. తిరిగి చూస్తే నీళ్ళకొచ్చిన మనిషి, గోడ చదువుతూ. లేదా ఎవరూ ఉండరు.

చైత్ర శుద్ధ ద్వాదశి

పొగగాలి వచ్చింది, వెళ్ళిపోయింది. అనుకున్నట్టే పెద్దది.

గేట్లు ముందే సరిచేశారు. కానీ మూడో వరస గేటును ఎవరూ నమ్మలేదు. గాలి వచ్చే సమయంలో ఎవరో ఒకరు లోపల ఉండి, గాలి పోయాక మీట నొక్కి చూడాలి. బయట కాపలావాళ్ళు ఉంటారు, చేత్తో లేపే గొలుసులు సిద్ధంగా ఉంటాయి. అయినా అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెంగమాంబ ముందుకు వచ్చింది.

"నువ్వొద్దు," అంది అత్త. "నువ్వు బయటుండి ఆ అంకె చూసుకో. నేను పోతా."

నేను వద్దన్నాను. కాళ్ళు పట్టుకున్నాను కూడా. ఆమె కాళ్ళు విడిపించుకుని, ఒక చాప, నీళ్ళ చెంబు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆమె వెనకే నేనూ వెళ్ళాను. వద్దని ఆమె అనలేదు.

గాలి లేచింది. గేటు పడింది. ఆ చప్పుడు నేను ఎప్పుడూ లోపలినుంచి వినలేదు. పుట్టగొడుగుల మడులు ఎండిపోయి బూడిదరంగులో ఉన్నాయి. దీపం ఒక్కటే. కొండ బయట గాలి రాతిని నాకుతున్నట్టు ఒక సన్నటి చప్పుడు. అత్త మడుల మధ్య నడుస్తూ అడిగింది. "వాడు యాడ కూచోనింటాడు?"

రికార్డింగులో బోర్డు చదివాడు కాబట్టి బోర్డు దగ్గరే ఉండి ఉంటాడు. చూపించాను. అక్కడ చాప పరిచింది. ఇద్దరం కూర్చున్నాం. బోర్డు మీద తొంభై, తర్వాత డెబ్బై, తర్వాత ఇరవై. నేల చల్లగా ఉంది. పిల్లల్ని ఇక్కడే పడుకోబెట్టి ఉంటారని ఇద్దరికీ తెలుసు.

తొమ్మిది. ఎనిమిది.

అత్త లేచి మీట నొక్కింది. లోపల ఎక్కడో ఇనుము మూలిగింది. గేటు అడుగున సన్నటి వెలుతురు గీత పడింది. గీత వెడల్పైంది. మోకాళ్ళ ఎత్తు, నడుము ఎత్తు. బయట నిలబడ్డ కాళ్ళన్నీ కనిపించాయి, తర్వాత ముఖాలు. మద్దిలేటి అన్న, షంషాదక్క, వెనకగా పురుషోత్తం సారు. ఎవరూ లోపలికి అడుగు పెట్టలేదు.

"బయటికి రా పెద్దమ్మా!" అని పిలిచాడు మద్దిలేటి అన్న. "గాలి బాగుండాది. వచ్చేయండి ఇద్దరూ!"

అత్త వెళ్ళలేదు. తిరిగి వచ్చి చాప మీద, కొడుకు కూర్చున్న చోటనే కూర్చుంది. రాతిగోడకు వీపు ఆనించి, కాళ్ళు చాపుకుంది. మళ్ళీ పిలిచారు. మీటతో లేచిన గేటు కాసేపటికి దానంతట అదే మూసుకుంటుంది. అది మెల్లగా దిగడం మొదలుపెట్టింది. వెలుతురు మా పాదాల దాకా వచ్చి, వెనక్కి జరుగుతోంది. నేను లేవబోయాను.

ఆమె నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"ఉండనీ కాసేపు," అంది. "మల్లా తెరుచుకుంటాది గదా."